మిరప ఘాటు కొలమానం: అనంతపురం కరువు నేల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

సంతలో ఎండుమిర్చిని రంగు, వాసన, నాలుకకు తగిలే మంటను బట్టి అంచనా వేస్తారు. ఎగుమతి వ్యాపారంలో మాత్రం ఘాటుకు ఒక సంఖ్య కావాలి. ఆ సంఖ్య ఎలా వస్తుంది? అది మిరప రకానికి చెందిన స్థిరగుణమా, పరీక్షించిన నమూనాకు మాత్రమే చెందినదా? ఏడాదికి సగటున దాదాపు 550 మి.మీ. వర్షమే కురిసే అనంతపురం పీఠభూమిలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇక్కడ తుంగభద్ర ఎగువ కాలువ కింద సాగైన పంటకూ, బోరు అడుగంటిన చేనులోని పంటకూ నీటి అనుభవం ఒకటి కాదు.

2. ఘాటు స్వరూపం

మన సంప్రదాయం కారాన్ని షడ్రుచులలో ఒకటిగా గణించింది. ఆధునిక శరీరధర్మశాస్త్రం ప్రకారం అది రుచి కాదు. నొప్పి, వేడిమిలకు సంబంధించిన సంవేదన. మిరపలోని కాప్సైసిన్ నాడీకణాలపై ఉండే టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆయన 2021 నోబెల్ వైద్య పురస్కార గ్రహీతలలో ఒకరు. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ ఇదే గ్రాహకం స్పందిస్తుంది. కారం తిన్నప్పుడు నోరు కాలినట్లు అనిపించడానికి కారణం ఇదే. కాప్సైసిన్ తయారయ్యేది గింజలలో కాదు, గింజలు అంటుకొని ఉండే లోపలి తెల్లని కణజాలంలో.

3. నాలుక నుండి యంత్రానికి

అమెరికన్ ఔషధశాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ 1912లో తొలి కొలమానాన్ని ప్రతిపాదించాడు. మిరప సారాన్ని ఆల్కహాల్‌తో తీసి, మంట దాదాపు తెలియకుండా పోయేవరకు తీపి నీటితో పలుచన చేయడం ఆ పద్ధతి. ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చిందో అన్ని స్కోవిల్ యూనిట్లు. అయితే నాలుక త్వరగా అలసిపోతుంది. కారానికి అలవాటుపడిన వ్యక్తి తీర్పు వేరుగా ఉంటుంది.

ఈ లోపాన్ని నేడు హెచ్.పి.ఎల్.సి. అనే ద్రవ వర్ణలేఖన పద్ధతి చాలావరకు తొలగించింది. ఇందులో సారంలోని కాప్సైసిన్, డైహైడ్రోకాప్సైసిన్ వంటి పదార్థాలను వేరుచేసి, విడివిడిగా వాటి పరిమాణాన్ని కొలుస్తారు. శుద్ధ కాప్సైసిన్ ఘాటు సుమారు 1.6 కోట్ల యూనిట్లు కనుక, పది లక్షల భాగాలలో ఒక భాగం 16 యూనిట్లకు సమానం. సుగంధద్రవ్యాల బోర్డు వివరాల ప్రకారం గుంటూరు సన్నంలో కాప్సైసిన్ 0.226 శాతం. అంటే పది లక్షలలో 2,260 భాగాలు. 16తో గుణిస్తే 36,160 యూనిట్లు.

4. సంఖ్య వెనుక షరతులు

ఇదే 36,160 యూనిట్లు 10 శాతం తేమ ఉన్న కాయలలో కనిపిస్తే, పొడి బరువు ప్రాతిపదికన అది సుమారు 40,180 అవుతుంది. తొడిమ తీశారా, గింజలతో కలిపి పొడి చేశారా, ఎన్ని బస్తాల నుండి నమూనా తీశారు అన్నవి కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఈ వివరాలు లేని రెండు సంఖ్యలను పోల్చడం శాస్త్రీయం కాదు.

5. నీటి ఎద్దడి ప్రభావం

నీటి ఎద్దడిలో పలు మిరప రకాలలో కాప్సైసిన్ సాంద్రత పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. అయితే అన్ని రకాలూ ఒకే విధంగా స్పందించవు. బాగా ఘాటైన కొన్నింటిలో పెరుగుదల కనిపించకపోవచ్చు. అదే సమయంలో కాయల సంఖ్య, బరువు తగ్గుతాయి. కాబట్టి గ్రాముకు ఘాటు పెరిగినా, ఎకరాకు లభించే కాప్సైసిన్ తగ్గవచ్చు. ఎర్రని రంగుకూ తక్కువ ఘాటుకూ పేరొందిన బ్యాడిగి రకం విషయంలో ఇది మరింత కీలకం. కొనుగోలుదారు కోరేది తక్కువ ఘాటు అయినప్పుడు, ఎద్దడి వల్ల పెరిగే కారం రైతుకు సుగుణం కాదు.

6. ముగింపు

స్కోవిల్ సంఖ్య ఒక రకానికి శాశ్వతమైన చిరునామా కాదు. ఒక చేను, ఒక ఋతువు, ఒక నమూనాకు సంబంధించిన సాక్ష్యం. అందువల్ల మెట్ట ప్రాంతపు మిరపపై చేసే అధ్యయనాలు ఘాటుతోపాటు తేమ శాతాన్ని, నీటి తడుల సంఖ్యను, ఎకరా దిగుబడిని కూడా నమోదు చేయాలి. దిగుబడి ప్రస్తావన లేకుండా ఘాటును మాత్రమే చెప్పే పట్టిక కరువు నేలలో రైతు నష్టాన్ని లాభంగా చూపే ప్రమాదం ఉంది.