ఆఫీసుకిచ్చిన మన వివరాలు బయటపడితే ఏం చేయాలి?

సంక్రాంతి అయిన వారానికి మా అక్కకి ఒక ఫోన్ వచ్చింది. "మేడమ్, మీరు తీసుకున్న లోన్‌కి మొదటి కంతు ఇంకా కట్టలేదు" అని. అక్క ఏ లోనూ తీసుకోలేదు. కానీ అవతలివాడు అక్క పాన్ నంబరు, పుట్టిన తేదీ, జీతం పడే బ్యాంకు, ఆఖరికి పోయిన నెల జీతం ఎంతో కూడా గడగడా చదివేశాడు.

అంతకు రెండు వారాల ముందు అక్క పనిచేసే కంపెనీ అందరికీ ఒక ఈమెయిల్ పంపింది. మూడే మూడు వాక్యాలు. మా సిస్టమ్‌లో ఒక ఇబ్బంది జరిగింది, కొందరు ఉద్యోగుల వివరాలు బయటికి వెళ్లి ఉండవచ్చు, పాస్‌వర్డ్ మార్చుకోండి. సరే, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని ఎలా మార్చుకోవాలి?

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. నాన్న "హోగ్లి బిడమ్మా" అన్నారు. అమ్మ "నోరెత్తితే ఉద్యోగానికి ఎసరొస్తుందే, ఊరుకో" అంది. రెండు భాషల్లోనూ సలహా ఒక్కటే. నేను లా చదవడం లేదు, బి.ఎ. రెండో ఏడాది. అయినా ఆ రోజు నుంచి చట్టాలు వెతికి చదివాను. ఎందుకంటే ఇంకో ఏడాదో రెండేళ్లో మనలో చాలామంది కె.ఆర్.పురం మెట్రో ఎక్కి ఏదో ఒక ఆఫీసుకి వెళ్తాం. మొదటి రోజే ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సులు ఇచ్చేస్తాం. హాజరు కోసం వేలిముద్ర కూడా ఇస్తాం.

ముందు డబ్బు కాపాడుకోవాలి

ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. ఆ వెంటనే బ్యాంకుకి చెప్పాలి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాక బయట ఎక్కడో జరిగితే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిరోజుల్లోపు మనం తెలియజేస్తే ఆ నష్టం మన నెత్తిన పడదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెప్తే కొంత మనం భరించాలి. అంటే ఇక్కడ ఆలస్యానికి రేటు ఉంది.

అక్కలాగా మన పేరుమీద వేరేవాళ్లు అప్పు తీసుకుంటే క్రెడిట్ రిపోర్టు చూసుకోవాలి. సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మనది కాని అప్పు కనిపిస్తే అభ్యంతరం రాయాలి. 30 రోజుల్లో దాన్ని పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి చెల్లించాలని కూడా నిబంధన ఉంది. ఆధార్ వేలిముద్రల్ని ఆధార్ వెబ్‌సైట్లోనే తాళం వేసుకోవచ్చు.

తరువాత పోలీసు ఫిర్యాదు. వేరేవాళ్ల గుర్తింపు వివరాల్ని మోసానికి వాడటం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. ఈ చట్టం కింద నేరాల్ని ఇన్‌స్పెక్టరు, ఆ పైస్థాయి అధికారులే విచారించాలి. "ఇది మా పరిధి కాదు" అని స్టేషన్లో అంటే భయపడి వెనక్కి రాకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియా చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

కంపెనీని ఏం అడగాలి

పోలీసులు దొంగను వెతుకుతారు. కానీ తలుపు తెరిచిపెట్టిన వాళ్ల మాటేంటి? ఇక్కడే ఉద్యోగులు వెనకడుగు వేస్తారు.

అడగాల్సినవి నోటితో కాదు, ఈమెయిల్లో అడగాలి. నా వివరాల్లో ఏవేవి బయటికి వెళ్లాయి? ఏ తేదీన? మీకెప్పుడు తెలిసింది? కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేశారా? 2022 ఏప్రిల్ 28న ఆ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇలాంటిది గమనించిన ఆరు గంటల్లోపు కంపెనీ వాళ్లకి చెప్పాలి. ఈ ఈమెయిల్ కాపీని ఆఫీసు అకౌంట్లో మాత్రమే ఉంచుకోకండి. రేపు ఉద్యోగం మానేస్తే ఆ అకౌంటూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది.

ఇలా అడగడం పొగరు కాదు. 86 ఏళ్ల వయసులో సుప్రీంకోర్టు మెట్లెక్కిన మన కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి పుట్టస్వామిగారి కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. ఆ తీర్పు వచ్చాకే ఈ విషయంలో కొత్త చట్టం తయారైంది.

నష్టపరిహారం ఎక్కడ దొరుకుతుంది

మా అక్క స్నేహితురాలు ఒకామె "కన్స్యూమర్ కోర్టుకి వెళ్దాం" అంది. అది కుదరదు. ఉద్యోగి కంపెనీకి వినియోగదారు కాదు కదా.

ఇప్పటికి ఉన్న అసలు దారి ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్. కంపెనీ సరైన భద్రత పాటించక అజాగ్రత్త చేసి, దానివల్ల మనకి నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని అది చెప్తుంది. అయిదు కోట్ల వరకు అడిగేవాళ్లు కోర్టుకి పోనక్కర్లేదు. రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయ అధికారిగా కూర్చుని వింటారు. వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని నియమం. నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని టెలికాం ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

ఇది కాగితం మీద మాట మాత్రమే కాదు. 2010లో తమిళనాడులో ఇలాంటి అధికారే, నకిలీ ఈమెయిల్ వల్ల డబ్బు పోగొట్టుకున్న ఖాతాదారుకి 12.85 లక్షలు ఇవ్వమని ఒక పెద్ద బ్యాంకుని ఆదేశించారు. ఆయన ఉద్యోగి కాదు, ఖాతాదారు. కానీ తలుపు అదే తలుపు.

ఒక మెలిక ఉంది. 43ఎ అన్ని వివరాలకీ వర్తించదు. 2011 నియమాల్లో ఒక పట్టీ ఉంది: పాస్‌వర్డ్, బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, ఆరోగ్య రికార్డులు, వేలిముద్రలు వగైరా. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఆ పట్టీలో లేవు. అందుకే ఏమేం పోయాయో కంపెనీ చేత రాతలో చెప్పించుకోవడం అంత ముఖ్యం.

కొత్త చట్టం: జరిమానా పెద్దది, మనకి వచ్చేది?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలన్నీ 18 నెలల తరువాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి.

మంచి సంగతులు చాలా ఉన్నాయి. ఉద్యోగ అవసరాల కోసమైతే కంపెనీ మన అనుమతి అడగనక్కర్లేదు గానీ, భద్రత బాధ్యత మాత్రం తప్పదు. వివరాలు బయటపడితే ప్రతి బాధితురాలికీ ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకీ చెప్పాలి. "జీతాల లెక్క వేరే కంపెనీ చూస్తుంది, తప్పు వాళ్లది" అని తప్పించుకోవడం కుదరదు. భద్రత లేకపోతే 250 కోట్ల వరకు, చెప్పకుండా దాస్తే 200 కోట్ల వరకు జరిమానా. మనం ముందు కంపెనీకే ఫిర్యాదు ఇచ్చి, అక్కడ తేలకపోతే బోర్డుకి వెళ్లాలి.

ఇంత చదివి సంతోషపడ్డాను. తరువాత ఇంకో రెండు వాక్యాలు కనిపించాయి. ఆ జరిమానా అంతా ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది. ఇదే చట్టం, ఆ నిబంధన అమల్లోకి వచ్చిన రోజున, 43ఎ సెక్షన్ని తీసేస్తుంది. అంటే శిక్ష పెద్దదవుతోంది, కానీ మా అక్కలాంటివాళ్లు "నాకు ఇంత నష్టమైంది, ఇప్పించండి" అని తట్టే తలుపు మూసుకుంటోంది. నాకు బాధ కలిగించింది ఇదే.

ఆఫీసు ఉద్యోగులే కాదు

ఇది ఐటీ వాళ్ల గొడవ అనుకోకండి. 2017 మే నెలలో మన బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఒకటి ఉపాధి హామీ కూలీల రోజువారీ చెల్లింపుల సైటు, రెండోది అసంఘటిత కార్మికుల చంద్రన్న బీమా సైటు. చెరువు మట్టి తవ్విన కూలీల వివరాలు అవి. 43ఎ వ్యాపార సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి ప్రభుత్వ శాఖ మీద దాన్ని వాడుకునే వీలే లేదు. చదువుకున్న అక్కకే ఇంత తిరుగుడైతే వాళ్ల సంగతి ఊహించుకోండి.

వేరే దేశాల్లోనూ ఇది తేలిగ్గా తేలలేదు. అమెరికాలో యు.పి.ఎం.సి. అనే ఆసుపత్రుల సంస్థ నుంచి 62,000 మంది ఉద్యోగుల వివరాలు పోయాయి. కింది కోర్టుల్లో ఉద్యోగులు ఓడిపోయారు. 2018లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు మాత్రం, ఉద్యోగుల వివరాలు తీసుకున్న యజమానికి వాటిని జాగ్రత్తగా కాపాడే బాధ్యత ఉందని చెప్పింది. బ్రిటన్లో మోరిసన్స్ సూపర్ మార్కెట్ కథ ఇంకోలా ముగిసింది. పగబట్టిన ఒక ఉద్యోగి దాదాపు లక్షమంది జీతాల వివరాలు నెట్‌లో పెట్టాడు. 9 వేల మందికి పైగా కేసు వేశారు. అది అతని సొంత పగ, దానికి కంపెనీ బాధ్యురాలు కాదని 2020లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి. కానీ రెండుచోట్లా ఉద్యోగులు కలిసి వెళ్లారు, ఒక్కొక్కరుగా కాదు.

అక్క ఏం చేసింది

క్రెడిట్ రిపోర్టులో అభ్యంతరం రాసింది. ఆ దొంగ అప్పు నెలలోపు తొలగిపోయింది. పోలీసు ఫిర్యాదు రసీదు ఫైల్లో ఉంది. కంపెనీకి రాసిన ఈమెయిల్‌కి ఇంకా జవాబు లేదు. మొదటి ఈమెయిల్ అక్క ఒక్కతే రాసింది. రెండోదాని కింద ఏడుగురి పేర్లున్నాయి.

చివరగా ఒక్క సంగతి, మనందరం గుర్తుంచుకోవాల్సింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయరుని ఇవ్వాలి. నంబరు 15100. అక్క ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఐటీ కార్యదర్శికి ఇచ్చే అర్జీ ఇప్పుడు తయారవుతోంది. నాన్న "హోగ్లి బిడు" అనడం మానేశారు. జెరాక్సులు తీయించి తెచ్చేది ఆయనే.