షేక్ రషీద్: ఐదు మ్యాచ్‌లు.. 71 పరుగులు.. సీఎస్‌కేలో గుంటూరు కుర్రాడికి సరైన ఛాన్స్ దక్కిందా?

గుంటూరు, ఒంగోలు వైపు చెన్నై సూపర్ కింగ్స్ ఫ్యాన్స్‌ను ఐపీఎల్ 2025 గురించి కదిలిస్తే రెండు బాధలు బయటికొస్తాయి. ఒకటి, ఐదుసార్లు కప్పు కొట్టిన టీమ్ తొలిసారి పట్టికలో అట్టడుగున నిలిచింది. రెండోది, మనూరి కుర్రాడు షేక్ రషీద్ చివరికి టీమ్‌లో చోటు కోల్పోయాడు. ఇంతకీ అసలేం జరిగింది?

ఎవరీ రషీద్?

2022 అండర్-19 వరల్డ్‌కప్‌లో భారత జట్టు వైస్ కెప్టెన్ ఇతనే. ఆస్ట్రేలియాతో సెమీస్‌లో 94, ఇంగ్లండ్‌తో ఫైనల్లో 50 కొట్టాడు. ఆ ఏడాది డిసెంబర్ వేలంలో సీఎస్‌కే రూ.20 లక్షలకు తీసుకుంది. కానీ 2023, 2024 సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. 2024 నవంబర్‌లో రంజీల్లో హైదరాబాద్‌పై 203 బాదాడు. అదే నెల మెగా వేలంలో రూ.30 లక్షలకు మళ్లీ సీఎస్‌కేకే వచ్చాడు.

టీమ్ కష్టాల్లో ఉన్నప్పుడు ఎంట్రీ

2025లో సీఎస్‌కే వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. మోచేతి గాయంతో కెప్టెన్ రుతురాజ్ గైక్వాడ్ తప్పుకోవడంతో పగ్గాలు మళ్లీ ధోనీకి వచ్చాయి. ఓపెనింగ్ అస్సలు కుదరడం లేదు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 14న లక్నోలో రషీద్‌ను బరిలోకి దించారు. 20 ఏళ్ల కుర్రాడు 19 బంతుల్లో 27 కొట్టాడు. రచిన్ రవీంద్రతో కలిసి తొలి వికెట్‌కు 52 జోడించాడు. సీఎస్‌కే ఓటముల బ్రేక్ కూడా ఆ రోజే పడింది.

తర్వాత సీన్ మారింది. ముంబైపై 20 బంతుల్లో 19. చెపాక్‌లో సన్‌రైజర్స్‌పై మ్యాచ్ తొలి బంతికే షమీ చేతిలో డకౌట్. పంజాబ్‌పై 11, బెంగళూరుపై 14. మొత్తం 63 బంతుల్లో 71 పరుగులు. అంతే, తర్వాతి మ్యాచ్‌కు పక్కన పెట్టేశారు.

ఎందుకు తీసేశారు?

టీ20లో మొదటి ఆరు ఓవర్లు పవర్‌ప్లే. సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు. ఓపెనర్ అక్కడ దంచితేనే తర్వాత వచ్చేవాళ్లపై ఒత్తిడి తగ్గుతుంది. రషీద్ టైమింగ్‌తో గ్యాప్‌లు వెతికే బ్యాటర్. పక్కనే 17 ఏళ్ల ఆయుష్ మాత్రే బెంగళూరుపై 48 బంతుల్లో 94 కొట్టాడు. రషీద్ లేని కోల్‌కతా మ్యాచ్‌లో కొత్తగా వచ్చిన ఉర్విల్ పటేల్ 11 బంతుల్లోనే 31 బాదాడు. ఆ స్పీడ్ ముందు రషీద్ లెక్క తేలిపోయింది. 2026 సీజన్‌కు ముందు సీఎస్‌కే అతణ్ని వదులుకుంది.

ఫ్యాన్స్ మాటేంటి?

ఇక్కడే అభిమాని ఇరుకున పడతాడు. టీమ్ కళ్లతో చూస్తే ఆ నిర్ణయం తప్పనలేం. స్లోగా ఆడుతోందని సీజన్ మొత్తం తిట్టింది ఫ్యాన్సే కదా! ఊరి కళ్లతో చూస్తే మాత్రం మనసొప్పదు. రెండు సీజన్లు బెంచ్ మీద కూర్చోబెట్టి, టీమ్ మునిగిపోతున్నప్పుడు దించి, ఐదు మ్యాచ్‌లకే తేల్చేయడం ఏంటన్నది వాళ్ల ప్రశ్న. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు ఇదే పసుపు జెర్సీలో ఎంత వెలిగాడో చూసినవాళ్లకు ఆ బాధ ఇంకాస్త ఎక్కువ.

ముందున్న దారి?

రంజీ డబుల్ సెంచరీ టెక్నిక్‌ను రుజువు చేస్తుంది కానీ, టీ20 ఓపెనర్ బెర్త్ మాత్రం ఇప్పించదు. ఆంధ్ర తరఫున దేశవాళీ టీ20ల్లో పవర్‌ప్లేలో వేగం చూపించడమే రషీద్ ముందున్న అసలు పరీక్ష. వయసు అతని వైపే ఉంది. పుట్టింది 2004లోనే మరి!