లోయలో గుంటలు తవ్వారా?

మోయాబు మీదికి యుద్ధానికి బయలుదేరిన ముగ్గురు రాజుల కథ రాజుల రెండవ గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలు రాజు, యూదా రాజు, ఎదోము రాజు కలిసి ఎడారి దారిన ఏడు రోజులు నడిచారు. సైన్యానికీ, వెంట ఉన్న పశువులకూ చుక్క నీరు దొరకలేదు. దిక్కుతోచక ఎలీషా ప్రవక్తను ఆశ్రయించారు. ప్రవక్త ముందుగా చెప్పింది వాన సంగతి కాదు, పని సంగతి. ఈ లోయ నిండా గుంటలు తవ్వమన్నాడు. గాలి వీయదు, వాన కనబడదు, అయినా లోయ నిండుతుందన్నాడు. మరునాడు ఉదయ నైవేద్యం వేళకు ఎదోము దారిగుండా నీళ్లు వచ్చి నిండాయి. వాన ఎక్కడ కురిసిందో గ్రంథం చెప్పదు. నీళ్లు రాకముందే గుంటలు తవ్వమన్న మాట మాత్రం చెబుతుంది.

కర్నూలు, కడప విశ్వాసులకు ఈ అధ్యాయాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎక్కడో కర్ణాటకలో పడమటి కనుమల మీద కురిసిన వానే తుంగభద్రగా మన గడప ముందుకు వస్తుంది. ఆకాశం మొండికేసిన ఏడాది వర్షం కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టుకోవడం మన సంఘాలకు ఏనాటి నుంచో అలవాటు. కాపరులమైన మేము ఆ రోజు యిర్మీయా 14వ అధ్యాయం తెరుస్తాం. నీళ్లకు వెళ్లినవాళ్లు వట్టి కుండలతో తిరిగివచ్చి సిగ్గుతో తలలు కప్పుకున్న దృశ్యం అందులో ఉంది. ఆ ప్రార్థనలను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కాని ప్రార్థన ముగిశాక చేతికి పార తీసుకున్న సంఘాలు ఎన్ని?

ఇప్పుడు ఈ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. వాన తీరే మారిపోయింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వెలువడిన వాయువులు భూమి చుట్టూ దుప్పటిలా కప్పుకుని వేడిని బయటికి పోనివ్వడం లేదు. పారిశ్రామిక యుగానికి ముందున్న వేడితో పోలిస్తే 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కతేల్చింది. కొలతలు మొదలైన తర్వాత అంత వేడి సంవత్సరం లేదు. ఆ వేసవిలో నంద్యాల, కడప 45 డిగ్రీలు దాటిన సంగతి మనకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అంటే చేలోని తేమనూ చెరువులోని నీటినీ మునుపటికంటే ఆబగా పీల్చుకుంటుంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. కరువూ వరదా ఈ కాలంలో ఒక్క తల్లి బిడ్డలే.

2009ని తలుచుకోండి. ఆ యేడు నైరుతి రుతుపవనాల కాలంలో దేశం మొత్తం మీద వాన సగటుకంటే 22 శాతం తక్కువ పడింది. కరువు మండలాల మాటలే వింటున్న రోజుల్లో సెప్టెంబరు చివర కుంభవృష్టి మొదలైంది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. మంత్రాలయం మునిగింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టిన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిపడింది. మళ్లీ 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఏ ఒక్క వరదనో చూపించి ఇది వాతావరణ మార్పు వల్లనే అని తేల్చడం తగదు. కట్టల నిర్వహణ, గేట్ల సంగతి కూడా మనుషులు జవాబు చెప్పవలసినవే. అయితే ఇలాంటివి తరచు వస్తాయని శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.

సంఘంలో ఈ మాట ఎత్తగానే ఒక సమాధానం వస్తుంది. ఇవన్నీ కడవరి దినాల గుర్తులు పాస్టరుగారూ, జరగవలసినవి జరుగుతున్నాయి, మనం చేసేదేముంది అని. ప్రభువు మత్తయి 24లో కరువుల గురించి చెప్పిన మాట నిజమే. కాని కరువు వచ్చినప్పుడు ఆకలిగొన్నవానికి అన్నం పెట్టామా లేదా అని అడిగేది కూడా ఆ వెంటనే వచ్చే 25వ అధ్యాయంలోనే. గుర్తులు లెక్కపెట్టడానికి మనల్ని ఎవరూ కాపలా పెట్టలేదు. తోటకు మాత్రం పెట్టారు. ఆదికాండం 2:15లో ఆదాముకు అప్పగించిన రెండు పనులకు హెబ్రీలో ఆబద్, షామర్ అనే మాటలున్నాయి. మొదటిది సేవ చేయడం, రెండోది కాపాడటం. సంఖ్యాకాండం 6లో యాజకుడు ప్రజలను దీవిస్తూ యెహోవా నిన్ను కాపాడాలని కోరేచోట కూడా ఇదే షామర్ మాట ఉంది. ఆరాధన ముగింపులో ప్రతి ఆదివారం ఆ దీవెన అందుకుంటున్నాం. దేవుడు మనల్ని ఎలా కాపాడాలని కోరుకుంటామో, నేలను అలా కాపాడమని మనకు పని చెప్పాడు. ఏలుబడి అన్నమాటకు ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం అని అర్థం చెప్పుకున్నవాళ్లు ఒక్క అధ్యాయం ముందుకు చదవలేదేమో.

అసలు మన తెలుగు సంఘాల చరిత్రలోనే ఒక తవ్వకం ఉంది. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో ఘోరంగా చితికిన జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ముందుంటాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కి వాన ముఖం చాటేసిన మాట వాస్తవం. కాని అదే సమయంలో రేవుల నుంచి ధాన్యం ఎగుమతి సాగుతూనే ఉంది. సహాయ పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను గింజల విలువ చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. వాన లేకపోవడం ఒకటి, తిండి లేకపోవడం మరొకటి. ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పనిని ఒప్పుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆయన యౌవనంలో సర్వేయరుగా పనిచేసినవాడు, గొలుసూ కొలతా తెలిసినవాడు. సాయం కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశారు. పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేని దళితులు. నీళ్లు తాకనివ్వని చేతులు నీళ్లకు దారి తవ్వాయి. మనం వాళ్ల వారసులం.

నేటి నష్టం కూడా అటువంటివాళ్లదే. ఆదోని, ఆలూరు, పత్తికొండ, కోసిగి వైపు సంఘాలను చూడండి. ఖరీఫ్ ఎండిపోతే ఇళ్లకు తాళాలు వేసుకుని సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకోతలకో, పత్తి ఏరడానికో కుటుంబాలు లారీలెక్కుతాయి. బడి మానిన పిల్లలు వెంటపోతారు, లేదంటే అవ్వ దగ్గర మిగిలిపోతారు. క్రిస్మస్ ఆరాధనలో సగం బెంచీలు ఖాళీ. కోత పండుగనాడు బలిపీఠం ముందు జొన్న కంకులు, వేరుశనగ, గుమ్మడికాయలు పెట్టి తర్వాత వేలం వేసుకోవడం మన ఆచారం కదా. పంట రాని ఏడాది అంగట్లో కొన్న అరటిపళ్లు తెచ్చి పెడుతున్నారు. పొగ వదిలిన దేశాలు వేరు, కార్లూ విమానాలూ ఎక్కినవాళ్లు వేరు. వాన తప్పినప్పుడు లారీ ఎక్కేది మాత్రం కోసిగి కూలీ. ఈ అన్యాయాన్ని ఆమోసు ప్రవక్త చూసి ఉంటే ఊరుకునేవాడు కాదు.

ఇక గుంటల సంగతి. సంఘానికి కొంచెం డబ్బు చేకూరగానే మనం చేసే మొదటి పని చర్చి ఆవరణంతా సిమెంటు చప్టా వేయడం, లేదా టైల్స్ పరచడం. చెప్పులకు మట్టి అంటదు, పెండ్లి విందులకు బాగుంటుంది. పడిన ప్రతి చినుకూ రోడ్డు మీది మురుగుకాల్వలోకి పోతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మన జిల్లాల్లో ఏడాదికి 600 మిల్లీమీటర్లే పడుతుందనుకుందాం. 200 చదరపు మీటర్ల చర్చి కప్పు మీద పడేది 1,20,000 లీటర్లు. ఐదోవంతు వృథాగా పోయినా 96,000 మిగులుతాయి. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు 19 అన్నమాట. మే నెలలో ట్యాంకరుకు డబ్బు కట్టే ట్రెజరరుగారికి ఈ లెక్క చూపించండి. కప్పు నుంచి పైపులు దించి, మొదటి వాన మురికిని వదిలేసి, తర్వాతి నీళ్లను రాళ్లు, కంకర, ఇసుక నింపిన ఇంకుడుగుంతలోకి పంపితే చాలు. ఆవరణలో మిషనరీల కాలంనాటి బావి చెత్తతో పూడి ఉంటే అది ఇంకా మంచిది. అబ్రాహాము తవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చేస్తే ఇస్సాకు మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు.

పొలమున్నవాళ్ల పని వేరు. 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కింద మన చేలల్లోనూ ఎన్నో పంటకుంటలు తవ్వారు. పూడినవాటిలో మట్టి తీస్తే అది చేనికే ఎరువు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో ఒక పద్ధతిని మన ప్రాంతం తప్పక గమనించాలి. తొలకరికి ముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి చల్లి, పైన చెత్తాచెదారం కప్పుతారు. ఆకుపచ్చగా కప్పిన నేల ఎండకు మాడదు, వానకు కోసుకుపోదు. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని అప్పుల పాలైన చేలల్లో కొర్ర, జొన్న, కంది మళ్లీ వేసుకోవడం కూడా ఇందులో భాగమే.

గుంటలు తవ్వమన్నాం గదా అని ఎక్కడపడితే అక్కడ ప్రొక్లెయిన్ దించమని కాదు. కడప జిల్లా లంకమల అడవి అంచు పొదల్లో కలివి కోడి అనే పిట్ట ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నది 1986లో మళ్లీ దొరికింది. దాని పొదలు పోతాయని తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. వేలమంది రైతులకు నీళ్లిచ్చే కాలువ ఒక పిట్ట కోసం పక్కకు జరగడం కొందరికి నవ్వులాటగా తోచింది. పిచ్చుక నేలరాలడం తండ్రికి తెలుసని ప్రసంగించే మనకు అలా తోచకూడదు.

కరెంటు సంగతి కూడా ఒక మాట. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు ఎక్కడినుంచో రైళ్లలో రావాలి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల భూముల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కుకు కావలసిన ఎండ మన నెత్తిమీదే ఉంది. చర్చి డాబా మీద నాలుగు పలకలు పెట్టుకోవడం పెద్ద మాటేమీ కాదు. మూడు రాత్రుల సభలకు డీజిలు జనరేటరు, వేల నీళ్ల ప్యాకెట్లు, ఊరంతా మా కాపరుల ముఖాలతో ఫ్లెక్సీలు అవసరమా అన్నది కమిటీలే తేల్చుకోవాలి. మా వరకైతే, ముఖాలు లేకపోయినా జనం వస్తారు.

ఏప్రిల్‌లో పాస్టరేట్ కమిటీ కూర్చున్నప్పుడు పెయింటింగ్ ఖర్చు పక్కన ఇంకుడుగుంత ఖర్చు కూడా రాయించండి. తొలకరి జూన్‌లో వస్తుంది, తవ్వడానికి మే ఒక్కటే ఉంది. యౌవనస్థుల సంఘం రెండు శనివారాలు పట్టుకుంటే పని అయిపోతుంది. పూడిక ఏటా వేసవిలో తీయాలి. గుంత మీద ఇనుప జాలీ మాత్రం మరవకండి, సండే స్కూలు పిల్లలు ఆడుకునే చోటది.