సంగీతకారుల చెవులు: వాని సంరక్షణము

కంటికి రెప్ప కలదు, చెవికి లేదు. వెలుగు మితిమీరినపుడు కన్ను తనంతట తానే మూసికొనును. ధ్వని మితిమీరినను చెవికి వేసికొనుటకు తలుపు లేదు. నిద్రలోనైనను అది తెరచియే యుండును. ఇందువలన అందఱికంటె ఎక్కువ నష్టపడువారు చెవినే జీవనాధారముగా చేసికొన్న సంగీతకారులు. అట్టివారి యిండ్లలోని తల్లులును, భార్యలును, అక్కచెల్లెండ్రును తెలిసికొనదగిన కొన్ని సంగతులను ఈ నెల మా సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

హైదరాబాదు నగరమునకు పడమటనున్న మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములు ఒకనాడు బండఱాళ్ల నడుమనున్న చిన్న పల్లెలు. 1998వ సంవత్సరము నవంబరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాటినుండి అచట హైటెక్ సిటీ యను క్రొత్త పట్టణము వెలసినది. అందు పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి, హెడ్‌ఫోను తగిలించుకొని దూరదేశములవారితో మాటలాడు యువతీయువకులు వేనవేలు. వారిలో కొందఱు శని ఆదివారములు వచ్చుసరికి గిటారో, డ్రమ్ములో, కీబోర్డో చేతబట్టి పబ్బులలోను భోజనశాలలలోను వాయించుచున్నారు. మఱికొందఱు శిల్పకళావేదిక వంటి మందిరములలో కచేరీలు చేయువారి ప్రక్కన నిలుచుచున్నారు. పెండ్లిండ్లకు నాదస్వరము, డోలు. బోనాలకును వినాయక నిమజ్జనమునకును తీన్మారు డప్పులు ఉండనే యున్నవి. పగలు హెడ్‌ఫోను చేసిన హానికొక పద్దు, రాత్రి డ్రమ్ములు చేసిన హానికొక పద్దు అని చెవి వేఱువేఱుగా వ్రాసికొనదు. అన్నియు ఒకే పద్దున పడును.

ఆ హాని యెట్లు కలుగునో వివరింతుము. ధ్వని కర్ణభేరిని కదలించును. ఆ కదలిక మూడు చిన్న యెముకల ద్వారమున లోపలి చెవిలో నత్తగుల్ల యాకారముగల భాగమును చేరును. అందు వెండ్రుకలవంటి కొసలుగల సూక్ష్మకణములు వేలకొలది యున్నవి. గాలికి వరిపైరు వంగినట్లు ఇవి ధ్వనికి వంగి లేచుచు, వార్తను మెదడునకు పంపుచుండును. చిన్న గాలికి వంగిన పైరు మరల లేచును. పెనుగాలికి పడిన పైరు లేవదు. ఈ కణములును అట్టివే. చచ్చిన కణము మానవులయందు మరల పుట్టదు. మొదట నశించునవి సన్నని హెచ్చుస్వరములను పట్టు కణములు. అందుచేత స, శ, ష వంటి అక్షరములు ముందుగా జారిపోవును. రోగి “వినబడుచునే యున్నది గాని మాట తెలియుట లేదు” అనును. ఇంటివారు పరధ్యానమని విసుగుకొందురు. నిజమునకు అది పరధ్యానము కాదు.

ఎంత ధ్వని ఎంతసేపు వినవచ్చునను దానికి ఒక లెక్క కలదు. ధ్వనిని డెసిబెళ్లతో కొలుతురు. ఇద్దఱు నెమ్మదిగా మాటలాడుకొనుట సుమారు 60 డెసిబెళ్లు. అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో నిర్ణయించిన ప్రకారము, 85 డెసిబెళ్లలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదు. 3 డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును గనుక, కాలమును సగము చేయవలెను. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కు 1 గంట, 97కు అరగంట, 100కు పావుగంట. డ్రమ్ములు మ్రోగు చిన్న గదిలో 100 డెసిబెళ్లు అరుదు కాదు. అట్టిచోట మూడు గంటలు వాయించిన పిల్లవాడు, దినమంతటికిని గల వంతుకు పండ్రెండింతలు ఒక్క సాయంకాలమున ఖర్చు చేసినవాడగును.

దీనిని అరికట్టుటకు చట్టములు లేవా యని మీరు అడుగవచ్చును. కలవు, కాని అవి చూచునది వేఱొకరి మేలు. మన దేశమున 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా పెట్టినవి. 2022 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము రాత్రి 10 గంటల తరువాత పబ్బులలో సంగీతము వలదని మధ్యంతరముగా ఆదేశించి, తరువాత ఆ యాజ్ఞను కొన్ని పబ్బులకు మాత్రము పరిమితము చేసినది. ఇవి యన్నియు ఇరుగుపొరుగువారి నిద్రను కాపాడుటకు. గోడకు లోపల, డ్రమ్ములకు మూరెడు దూరమున కూర్చున్న వాయిద్యకారుని చెవి సంగతి వానిలో లేదు. అదే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీతశాలలకు ఒక ప్రమాణమును ప్రకటించినది: పావుగంట సగటున 100 డెసిబెళ్లు మించరాదు, వచ్చినవారికి చెవిబిరడాలు అందుబాటులో నుంచవలెను. ఇది హితోపదేశమే గాని శాసనము కాదు.

ఇంగ్లాండున జరిగిన వ్యాజ్యమొకటి ఈ విషయమున ప్రసిద్ధికెక్కినది. క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్ లండను రాయల్ ఆపెరా హౌసులో వయోలా వాయించువారు. 2012 సెప్టెంబరున వాగ్నర్ రచించిన సంగీతనాటకము యొక్క అభ్యాసమున ఆయన ఆసనము ఇత్తడి బాకాల వరుసకు సరిగా ముందు పడినది. ఆనాటినుండి ఆయన చెవులు కొద్దిపాటి శబ్దమునైనను ఓర్వలేకపోయినవి. వృత్తి విడువవలసి వచ్చినది. ఇంట వంట సిద్ధము చేయుట వంటి పనులకును చెవులు కప్పుకొనవలసి వచ్చెనని ఆయన చెప్పికొనిరి. 2018లో ఉన్నత న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పెను. 2019లో పై న్యాయస్థానమును ఆ తీర్పును ముఖ్యాంశములలో నిలిపెను. ఇందు గమనింపదగినదేమన, ఆ సంస్థ వాయిద్యకారులకు చెవిబిరడాలు ఇచ్చియే యుండెను. వానిని ఎపుడు పెట్టుకొనవలెనో మాత్రము వారి ఇష్టమునకు విడిచినది. కావున బిరడా ఉండుట వేఱు, అది చెవిలో ఉండుట వేఱు.

పెట్టుకొనుటకు వారేల వెనుదీయుదురు? దీనికి న్యాయమైన కారణము కలదు. అంగళ్లలో కొలది రూపాయలకు దొరకు మెత్తని స్పాంజి బిరడా ధ్వనిని తగ్గించును గాని సమముగా తగ్గింపదు. హెచ్చుస్వరములను ఎక్కువగాను, మంద్రస్వరములను తక్కువగాను మ్రింగును. అదిగాక, తెరచియున్న చెవిరంధ్రము ఒక కొసన మూసిన చిన్న గొట్టము వంటిది; సుమారు 2,700 హెర్ట్జుల దగ్గర ధ్వనిని సహజముగానే పెంచును. బిరడా పెట్టగానే ఆ పెంపును పోవును. పప్పులోని పోపు తీసివేసి చప్పిడి పప్పు వడ్డించినట్లు సంగీతము మొద్దుబారును. వీణలో గమకము, మృదంగములో చాపు, గొంతులోని మెఱుగు మాయమగును. తన వాద్యము తనకు వినరాక కొందఱు మఱింత గట్టిగా వాయింతురు. చివరకు విసిగి బిరడా తీసి జేబులో వేసికొందురు.

ఈ చిక్కును తీర్చినది 1988లో అమెరికాలో వెలువడిన సంగీతకారుల బిరడా. మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రిసెర్చ్ సంస్థ దానిని ఈఆర్-15 యను పేర తెచ్చినది. అందు చిన్న బిళ్లవంటి ఫిల్టరు కలదు. అది మంద్రమునుండి తారమువరకు ధ్వనిని ఇంచుమించు ఒకే మోతాదున, అనగా 15 డెసిబెళ్లు, తగ్గించును. చెవిరంధ్రపు సహజమైన పెంపునుగూడ తిరిగి కల్పించును. పప్పును పోపుతోకూడ చిన్న గిన్నెలో వడ్డించినట్లు రుచి మాఱదు, పరిమాణము తగ్గును. తరువాత 9, 25 డెసిబెళ్ల ఫిల్టరులును వచ్చినవి. పై లెక్కను ఇచట అన్వయింతము. 100 డెసిబెళ్ల గదిలో 15 తగ్గించినచో చెవికి చేరునవి 85. పావుగంటకు బదులు 8 గంటలు దొరకును. 9 మాత్రమే తగ్గించినచో 91, రెండు గంటలే. కావున మూడు గంటల కచేరికి అది చాలదు. సాధారణముగా డ్రమ్ములకు 25, గాత్రమునకును తంత్రీవాద్యములకును 9 గాని 15 గాని ఎన్నుకొందురు. వయొలిను వాయించువారికి ఎడమచెవియే వాద్యమునకు దగ్గర గనుక దానిపై ఎక్కువ శ్రద్ధ యుంచవలెను.

ఇట్టి ఫిల్టరును ఎవరి చెవికి తగిన అచ్చులో వారికి బిగించుట ఉత్తమము. వ్రేలిముద్రలవలెనే ఏ యిద్దఱి చెవిరంధ్రములును ఒక్కటి కావు. ఒకరికే కుడిఎడమలు వేఱుగా నుండును. అచ్చు తీయు విధమిది. శ్రవణ నిపుణుడు మొదట దీపముతో చెవి పరీక్షించి, గులిమి యున్నచో తీయించును. కర్ణభేరికి అచ్చుపదార్థము తగులకుండ, దారము కట్టిన చిన్న దూదియుండనో స్పాంజినో లోపల నుంచును. పిదప కలిపిన సిలికోను ముద్దను గొట్టముతో చెవిలో నింపును. అయిదు నిమిషములలో అది గట్టిపడును, నొప్పి యుండదు. గాయకులును, నాదస్వరము, వేణువు ఊదువారును ఆ సమయమున నోరు తెరచి యుండవలెను. దవడ కదలినపుడు చెవిరంధ్రపు ఆకారము మాఱును గనుక, నోరు మూసి తీసిన అచ్చు పాడునపుడు వదులగును. బిరడా చెవిరంధ్రపు రెండవ వంపును దాటి దిగవలెనని అడుగుడు. పైపైన నిలిచినచో తన గొంతు తనకే కుండలో మాటలాడినట్లు గుమ్మని మ్రోగును. ఈ అచ్చు ప్రకారము కర్మశాలలో మెత్తని సిలికోనుతో బిరడా చేసి పంపుదురు. వెల వేల రూపాయలలో నుండును. కాని కొన్ని యేండ్లు పనిచేయును. ఎదుగు పిల్లలకు చెవియు ఎదుగును గనుక, వారికి కొంతకాలము తయారు బిరడాలలోనే సంగీతమునకు ఉద్దేశించిన రకమును కొనుట మేలు.

ఇపుడు మిక్కిలి ముఖ్యమైన మాట. ఎంత గొప్ప బిరడాయైనను నడుమ తీసినచో ఫలము పోవును. 30 డెసిబెళ్లు తగ్గించు బిరడాను మూడు గంటల కచేరిలో గంటన్నర తీసియుంచినచో, మొత్తముమీద దక్కునది 3 డెసిబెళ్ల రక్షణయే. చెవిలో దూది పెట్టుకొనుట రక్షణ కాదు. దాని ఫలము మిక్కిలి స్వల్పము. వేదికపై కొందఱు ధరించు చెవి మానిటరులును అచ్చుతో చేయబడునవే. 1995లో అమెరికాలో జెర్రీ హార్వే, డ్రమ్ములు వాయించు ఆలెక్స్ వాన్ హేలెన్ కొరకు అట్టివానిని చేసెను. అవి బయటి ధ్వనిని ఆపుట నిజమే గాని, లోపలి ధ్వనిని హెచ్చించుకొన్నచో శత్రువును ఇంటిలోనికి పిలుచుకొన్నట్లే.

చెవినుండి చీము కారుచున్నను, కర్ణభేరికి రంధ్రమున్నను వైద్యుని చూపకుండ అచ్చు తీయింపరాదు. బిరడాను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. ఫిల్టరును ముందుగా తీసి వేఱుగా నుంచవలెను.

మన నగరమున ఇందుకు తగిన తావులు లేకపోలేదు. చెవిటివారికి యంత్రములమర్చు శ్రవణ నిపుణులు నిత్యము తీయునది ఇట్టి అచ్చే. కోఠీలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు వైద్యశాల కలదు. హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, మహారాష్ట్ర గవర్నరుగా 1976లో కాలధర్మము నొందిన అలీ యావర్ జంగ్ గారి పేర 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ శ్రవణ సంస్థకు దక్షిణ ప్రాంతీయ కేంద్రము సికిందరాబాదు మనోవికాస్ నగరులో నున్నది. బిరడా కొనుటకు ముందే ఒకసారి వినికిడి పరీక్ష చేయించి కాగితము భద్రపఱచుడు. ఏటేట చేయించు పరీక్షను దానితో పోల్చినచో, నష్టము చిన్నదై యుండగనే తెలియును.

ఇంటివారు కనిపెట్టవలసిన గుఱుతులు కొన్ని కలవు. కచేరినుండి వచ్చిన రాత్రి చెవిలో హోరు. పిలిచిన మాటకు మారుపలుకకుండుట. రేడియో ధ్వని నానాటికి పెంచుట. గిన్నె మూత జారినను ఉలికిపడుట. మఱునాటికి హోరు తగ్గినంతమాత్రమున చెవి బాగైనదని యెంచరాదు. ఇక ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినచో, అది వాద్యమువలన గాని మఱిదేనివలన గాని, ఆ దినముననే వైద్యుని చూడవలెను. రోజులు గడచినకొలది చికిత్సకు అవకాశము తగ్గును. 2024 జూనులో ప్రసిద్ధ గాయని అల్కా యాగ్నిక్ వైరసు సోకినందున తనకు వినికిడి దెబ్బతిన్నదని ప్రకటించినది. కారణము ధ్వని కాకపోయినను, పెద్ద శబ్దముల విషయమునను హెడ్‌ఫోనుల విషయమునను జాగరూకులు కండని ఆమె ఆ సందర్భముననే హెచ్చరించినది.

పిల్లవానికి డ్రమ్ములు కొనునపుడు కఱ్ఱలు, పీట, సంచి అన్నియు జాబితాలో వ్రాసికొందుము. అమ్మాయిని కచేరికి పంపునపుడు చీరయు నగలును సవరింతుము. ఆ జాబితాలో చెవిబిరడాలను మొదటి పంక్తిలో చేర్చుడని మా ప్రార్థన. బిరడా పెట్టుకొనుట పిఱికితనమని స్నేహితులు నవ్వుదురని పిల్లలు సిగ్గుపడవచ్చును. తంత్రి తెగిన మఱియొకటి కొనవచ్చును. మృదంగమునకు మూత చెడిన మరల వేయించవచ్చును. చెవికి మాత్రము బదులు దొరకదని వారికి నచ్చచెప్పగలవారు ఇంటనున్న మీరే.