సంఘమునకు ఇంటర్నెట్టు టెలిఫోను – ఎన్నుకొను విధము

దాళ్వా ధాన్యము కళ్లములో నుండగా అకాలవర్షము పట్టినచో రైతునకు ప్రతి గడియయు విలువైనదే. ధాన్యములో తేమ నూటికి 17 పాళ్లు మించిన కొనుగోలు కేంద్రమున అభ్యంతరము కలుగును. గోనె సంచులు వచ్చినవా, కాటా ఎప్పుడు, లారీ ఎన్నడు అని తెలిసికొనుటకు సభ్యుడు సంఘమునకు టెలిఫోను చేయును. అచ్చట పలుకువారు లేనిచో నష్టపడువాడు అతడే. కాటావలె, గిడ్డంగివలె టెలిఫోను కూడ సంఘమునకు పనిముట్టే గాని అలంకారము కాదు.

కొన్ని సంఘములలో కార్యదర్శిగారి సొంత సెల్‌ఫోనే సంఘపు టెలిఫోనుగా నడచుచున్నది. వారు సెలవు పుచ్చుకొన్న ఫోనును వారితో ఇంటికి పోవును. వారు బదిలీయైన నంబరును వారి వెంట పోవును. వారొకరితో మాటలాడుచుండగా రెండవ సభ్యునకు మార్గము లేదు. ఈ చిక్కులకు ఇంటర్నెట్టు టెలిఫోను చక్కని విరుగుడు కాగలదు. కాని తొందరపడి కొన్నచో పాత చిక్కు పోయి క్రొత్త చిక్కు వచ్చును. ఏమి చూచి ఎన్నుకొనవలెనో సభ్యులకును పాలకవర్గమువారికిని తెలియుటకై ఈ క్రింది సంగతులు వ్రాయుచున్నాము.

ఇది పనిచేయు విధము

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన కాలువలు నీటికే గాక పడవలకును దారియైన సంగతి పెద్దలెరుగుదురు. పాత తీగ టెలిఫోనులో ఇద్దరు మాటలాడుచున్నంతసేపు ఒక దారి వారి కొరకే విడిచియుంచబడెడిది. కాలువ యంతయు ఒక్క పడవకే అప్పగించినట్లన్నమాట. ఇంటర్నెట్టులో అట్లు కాదు. మాట అంకెలుగా మార్చబడి, సాధారణముగా సెకనుకు 50 చిన్న పొట్లములుగా కట్టబడి, ప్రతి పొట్లము మీదను చేరవలసిన చిరునామాతో, ఇతరుల ఉత్తరములు, ఫొటోలు, సినిమాలు పోవు కాలువలోనే పోవును. అవతలి రేవున ఆ పొట్లములను వరుసగా విప్పి మరల మాటగా చేయు యంత్రముండును. లాకులవద్ద పడవలు నిలిచినట్లు పొట్లములు దారిలో ఆగినచో మాట తెగి తెగి వినబడును.

ఒక సంభాషణకు పోవుటకు సుమారు 100, వచ్చుటకు సుమారు 100 కిలోబిట్ల వేగము చాలును. ఐదుగురు ఒక్కసారి మాటలాడినను ఒక్కొక్క దిక్కున అర మెగాబిట్టుతో సరిపోవును. కావున టెలిఫోను కొరకై పెద్ద వేగమునకు పెద్ద రుసుము కట్టనక్కరలేదు. కావలసినది నిలకడ. మాట ఇచ్చటినుండి అచ్చటికి చేరుటకు 150 మిల్లీసెకనులకు మించకున్న సంభాషణ సుఖముగా సాగునని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను నిర్ణయించినది.

మన డెల్టాలో ముందుగా చూడవలసినది

2016 డిసెంబరులో కోనసీమయందలి మోరి గ్రామమున ఇండ్లకు ఫైబరు తీగ మూలమున ఇంటర్నెట్టు వచ్చెను. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబరు నెట్ పథకమును ప్రారంభించిరి. ఒకే తీగపై ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఇచ్చుట దాని ఉద్దేశము. ఖర్చు తగ్గుటకై ఆ తీగను కరెంటు స్తంభములమీదుగా లాగిరి.

ఇచ్చటనే జాగ్రత్త కావలెను. తీగ స్తంభము మీద నున్నచో, స్తంభము పడిననాడు కరెంటును టెలిఫోనును ఒక్కసారే పోవును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కొట్టిన తుపానును చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అదియునుగాక, పాత రాగి తీగకు కావలసిన కరెంటు టెలిఫోను ఎక్స్చేంజి నుండియే వచ్చెడిది; ఊరు చీకటియైనను గంట మ్రోగెడిది. ఫైబరు గాజుతీగ, అది వెలుతురును మోయును గాని విద్యుత్తును మోయదు. ఆఫీసులో కరెంటు పోయినచో మోడెము ఆరిపోవును, టెలిఫోను మూగపోవును.

12 వోల్టుల, 7 ఆంపియరు-గంటల చిన్న బ్యాటరీలో 84 వాటు-గంటల శక్తి యుండును. 12 వాట్లు వాడు మోడెము దానిపై లెక్క ప్రకారము 7 గంటలు, వాడుకలో 4 లేక 5 గంటలు నడచును. బ్యాటరీ లేక ఇంటర్నెట్టు టెలిఫోను కొనుట ఎద్దులు లేక బండి కొనుటయే.

నాలుగు తరగతులు

మొదటిది, వాట్సాప్ వంటివి. ఇంటర్నెట్టు ఉన్నచో వేరు ఖర్చు లేదు. కాని బటన్ల ఫోను గల సభ్యుడు వానితో సంఘమునకు మాటలాడజాలడు. ప్రకటనలు పంపుటకు మంచివి. సంఘపు టెలిఫోనుగా చాలవు.

రెండవది, ఫైబరు కనెక్షనుతో కూడ వచ్చు బల్ల టెలిఫోను. ఒకరిద్దరు ఉద్యోగులు గల చిన్న సంఘమునకు ఇది సరిపోవును.

మూడవది, కంపెనీవారి ఎక్స్చేంజిని అద్దెకు పుచ్చుకొనుట. సభ్యుడు ఒకే నంబరునకు ఫోను చేయును; అప్పులకు 1, ఎరువులకు 2, ధాన్యమునకు 3 నొక్కుడని తెలుగులో వినబడును; ఆయా ఉద్యోగి ఎచ్చట నున్నను అతని సెల్‌ఫోను మ్రోగును. ఈ ఎక్స్చేంజి దూరపు పట్టణమున నుండుటచే మన ఆఫీసులో కరెంటు పోయినను, తీగ తెగినను పిలుపు నిలిచిపోక సెల్‌ఫోనునకు మళ్లగలదు. 2004 జనవరి 21న ఆరంభమైన కిసాన్ కాల్ సెంటరునకు దేశమున ఏ రైతైనను 1800-180-1551 అను ఒకే నంబరునకు చేసి తన భాషలో జవాబు పొందుట మనమెరిగినదే. దాని పరిమాణము వేరైనను పద్ధతి ఇట్టిదే.

నాలుగవది, ఎక్స్చేంజిని ఆఫీసులోనే పెట్టుకొనుట. ఆస్టరిస్కు అను సాఫ్టువేరు 1999 నుండి ఉచితముగా దొరకుచున్నది. కాని దానిని కాపాడ నేర్చినవారు దగ్గర నుండవలెను. లేనిచో చవకగా వచ్చినది ప్రియమగును.

ముగ్గురు నలుగురు ఉద్యోగులును, ఎరువుల డిపోయును, కొనుగోలు కేంద్రమును గల సంఘమునకు మూడవ తరగతియే తగినదని మా అభిప్రాయము.

ఒప్పందమునకు ముందు అడుగవలసినవి

1. నంబరు ఎవరి పేర నుండును? అది పాలకవర్గ తీర్మానముతో సంఘము పేరనే ఉండవలెను. సెల్‌ఫోను నంబరును కంపెనీ మారినను నిలుపుకొను హక్కు 2011 జనవరి 20 నుండి దేశమంతటను కలదు. ఇతర నంబర్లకును అట్లే యుండునని ఊహింపక ముందే వ్రాతమూలముగా తెలిసికొనవలెను.

2. తీగ తెగినపుడు పిలుపు ఏయే సెల్‌ఫోనులకు మళ్లును? కనీసము రెండు నంబర్లుండవలెను.

3. ఉద్యోగి ఒక్కంటికి నెల అద్దె ఎంత, నిమిషమునకెంత, మళ్లించిన పిలుపునకు విడిగా ఎంత? మూడును కలిపి 12 నెలల మొత్తము కట్టిచూడవలెను. 1800 నంబరు పుచ్చుకొన్నచో సభ్యునకు ఖర్చు లేదు, ఖర్చంతయు సంఘమునదే.

4. కంపెనీకి కేంద్ర టెలికమ్యూనికేషన్ శాఖవారి అనుమతి కలదా? 2002 ఏప్రిలు 1 నుండి ఇంటర్నెట్టు టెలిఫోను మన దేశమున పరిమితముగా అనుమతింపబడినది. లైసెన్సుగల కంపెనీలు దానిని సాధారణ నంబర్లతో కలుపుటకు 2018లో మార్గము స్పష్టమైనది. రశీదు ఇయ్యక సిమ్ము కార్డుల పెట్టెలతో చవకగా కలిపెదమనువారి జోలికి పోరాదు.

5. అందని పిలుపుల పట్టిక వచ్చునా? ప్రతి సాయంకాలము దానిని చూచి తిరిగి ఫోను చేయు పని ఒకరికి అప్పగింపవలెను.

6. మాటలు రికార్డు చేయుదురా? చేసినచో ఆ సంగతి సభ్యునకు ముందే వినిపింపవలెను. అప్పుల వివరములు పరుల చెవిని పడరాదు.

ఒక నెల పరీక్షగా వాడి చూచుట మేలు. సాయంకాలము ఇంటింట సినిమాలు చూచువేళను, వానవేళను, లంక గ్రామమునుండి బటన్ల ఫోనుతోను చేసి చూడవలెను. ఒకనాడు కావలెననియే ఆఫీసు మెయిను కట్టివేసి పిలుపు ఎచ్చటికి పోవునో చూడవలెను. అంతవరకు పాత నంబరును తీసివేయరాదు.

కుదిరిన నంబరును పాసుపుస్తకముల మీదను, ఎరువుల రశీదుల మీదను అచ్చువేయింపవలెను. వేరు నంబరునుండి సంఘము పేర చెప్పి ఓటీపీ అడుగువారు మోసగాండ్రని సభ్యులెల్లరకు తెలుపవలెను. మోసము జరిగిన వెంటనే 1930 నంబరునకు తెలియజేయవలెను. సభ్య మహాశయులు రానున్న సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, సార్వా కోతలకు ముందే తీర్మానము చేయింతురని కోరుచున్నాము.