గుండెకు క్యూటెన్ మాత్రలు: ఎవరికి? ఎంతవరకు?

పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి రిటైరైన హెడ్మాస్టరుగారొకరిని ఆటోలో మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. పడుకుంటే ఊపిరాడడం లేదు. కాళ్ళు రెండూ నీరుపట్టి, వేలితో నొక్కితే గుంట పడుతున్నాయి. అంతకు ఏడాది క్రితం గుండెపోటు వచ్చి గుండె కండరం బలహీనపడినా, మా మందులు వాడుతూ కులాసాగా తిరుగుతున్న మనిషాయన.

"మందులు మానేశారా మాస్టారూ?" అని అడిగాను. ఆయన పలకలేదు. వారి శ్రీమతి సంచీలోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. "అబ్బాయి అమెరికా నుంచి పంపించాడండీ. గుండెకు మంచిదని దానిమీద రాసి ఉందట. ఇన్ని మాత్రలెందుకు, ఇదొక్కటి చాల్లెమ్మని మూడు వారాలుగా మిగతావన్నీ ఆపేశారు" అంది.

సీసాలో ఉన్నది కోఎంజైమ్ క్యూటెన్. ఇంజక్షన్లతో ఒంట్లో నీరు తీసి, పాత మందులు మళ్ళీ మొదలుపెట్టాక, నాలుగో రాత్రికి గాని మాస్టారు వెల్లకిలా పడుకుని నిద్రపోలేకపోయారు. ఇంటికి వెళ్ళేముందు, "అయితే డాక్టరుగారూ, ఆ మాత్ర విషమంటారా?" అని అడిగారు. విషం కాదు. అలాగని మందుకు బదులూ కాదు. ఈ సంగతే కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఏమిటీ క్యూటెన్?

మన శరీరంలోని కణాలలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. తిన్న తిండి శక్తిగా మారేది ముఖ్యంగా అక్కడే. ఆ పొయ్యి మండడానికి కావలసిన పదార్థాలలో క్యూటెన్ ఒకటి. రాత్రింబగళ్ళు విశ్రాంతి లేకుండా కొట్టుకునే గుండెలో ఇది ఎక్కువగా ఉంటుంది. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వేరుచేసింది కూడా పశువు గుండె కండరం నుంచే.

పొయ్యి ఉన్నచోట నిప్పురవ్వలు ఎగరక మానవు కదా! కణాలలోనూ అలాంటి హానికర పదార్థాలు పుడుతుంటాయి. వాటిని చల్లార్చే గుణం కూడా ఉండబట్టి క్యూటెన్‌ను యాంటీ ఆక్సిడెంట్ అంటారు. ఇది విటమిన్ కాదు. మన ఒళ్ళే దీన్ని తయారుచేసుకుంటుంది. మాంసం, చేపలు, వేరుశనగలు, నువ్వుల ద్వారా రోజుకు కొద్ది మిల్లీగ్రాములు అందుతుంది. వయసు మళ్ళేకొద్దీ ఒంట్లో దీని పాలు తగ్గుతుంది.

ఉపయోగం ఎవరికి?

గుండె బలహీనపడి నీరుపట్టే జబ్బు ఉన్న 420 మంది మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాముల క్యూటెన్, మిగిలినవారికి ఉత్త మాత్రలు రెండేళ్ళపాటు ఇచ్చారు. గుండె సంబంధమైన పెద్ద ప్రమాదాలు ఉత్త మాత్రలు వాడినవారిలో నూటికి 26 మందికి వస్తే, క్యూటెన్ వాడినవారిలో 15 మందికి వచ్చాయి. మంచి ఫలితమే. కాని ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: వాళ్ళంతా మామూలు గుండె మందులు మానకుండా, వాటితోపాటే దీన్ని వాడారు. మాస్టారు పొరబడింది ఇక్కడే! పైగా 420 మంది అంటే చిన్న సంఖ్యే కాబట్టి, గుండె వైద్యంలో దీనికింకా ముఖ్యమైన మందుల సరసన చోటు దక్కలేదు.

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవారిలో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. ఆ మాత్రలు క్యూటెన్ తయారీని కూడా తగ్గిస్తాయి కనుక, దీన్ని వాడితే నొప్పులు పోతాయని కొందరి ఆశ. పరిశోధనలు కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. నొప్పులుంటే మీ అంతట మీరు స్టాటిన్ ఆపకండి. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు.

ఆరోగ్యంగా ఉన్నవారు క్యూటెన్ మింగితే గుండెపోటు రాదనడానికి రుజువు లేదు. యాంటీ ఆక్సిడెంట్ అన్న పేరు చూసి మురిసిపోకూడదు. ఫిన్లాండులో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ అనే మరో యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది.

జాగ్రత్త ఎవరికి?

అందరికన్నా ముఖ్యంగా రక్తం పలచబడడానికి వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడేవారికి. గుండెలో లోహపు కవాటం అమర్చినవారిలో చాలామంది వీటిమీదే ఆధారపడి ఉంటారు. క్యూటెన్ నిర్మాణంలో విటమిన్ కె‌ను పోలి ఉంటుంది. ఆ మందుల పనిని తగ్గించవచ్చు. అప్పుడు కవాటం మీద రక్తం గడ్డకట్టి ప్రాణానికే ముప్పు. వీరు డాక్టరుకు చెప్పకుండా, ఐఎన్ఆర్ పరీక్ష లేకుండా దీన్ని ముట్టుకోకూడదు. రక్తపోటుకు, చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ముందుగా అడగాలి.

వాడే పద్ధతి

డాక్టరు వాడమంటే సాధారణంగా రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఇది కొవ్వులో కరిగే పదార్థం కనుక పరగడుపున కాక భోజనంతో వేసుకోవాలి. కొందరికి నిద్ర పట్టదు. కాబట్టి రాత్రి కన్నా పగలు మేలు. వికారం, విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే ఆపి, డాక్టరుకు చూపించాలి. మన దేశంలో ఆహార పూరకంగా అమ్మే సీసాల మీద ఔషధంగా వాడరాదని ముద్రించి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవండి.

గుండె బలహీనత ఉన్నవారు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్ళు వాచినా, తలకింద ఒక దిండు చాలక రెండు కావలసివచ్చినా ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలన్నీ, అబ్బాయి పంపినవి, పొరుగువారు ఇచ్చినవి, ఆకు పసరుతో సహా, సంచీలో వేసుకు రండి.

మాస్టారు ఇప్పుడు నెలనెలా అలాగే వస్తున్నారు. ఆయన కన్నా ముందు సంచీ బల్లమీద పెట్టేది వారి శ్రీమతి!