నల్ల తెర మీదే గ్రాఫ్.. పత్తి ధర లెక్క మీరే గీసి చూడండి! ఎలాగంటే..

వరంగల్: గ్రాఫ్ అనగానే మనకు ఎక్సెల్ గుర్తొస్తుంది. రంగు రంగుల బార్లు, మౌస్‌తో లాగడాలు, పైన పెద్ద హెడ్డింగ్.. కానీ ఇవేవీ లేకుండా కూడా గ్రాఫ్ గీయొచ్చు. కంప్యూటర్‌లో ఉండే నల్ల తెర, అదే టెర్మినల్ మీద, ఉత్త అక్షరాలతోనే! ఇదేదో ఇంజినీర్ల సరదా అనుకోకండి. ఫోన్‌లోకి వచ్చే గ్రాఫ్‌లు నిజం చెప్తున్నాయా, మనల్ని బోల్తా కొట్టిస్తున్నాయా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. వరంగల్ రైతులకు బాగా తెలిసిన పత్తి మద్దతు ధరనే తీసుకుని చూద్దాం.

టెర్మినల్ అంటే ఏంటి?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, లినక్స్‌లో టెర్మినల్. పేరేదైనా పని ఒకటే. మనం అక్షరాల్లో ఆదేశం టైప్ చేస్తే, అది అక్షరాల్లోనే జవాబిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకున్నా ఇదే తెర దొరుకుతుంది.

ఈ తెరను గళ్ల నోటుపుస్తకం అనుకోండి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. 1978లో వచ్చిన వీటీ100 అనే టెర్మినల్‌లో అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 24 వరుసలు ఉండేవి. ఇప్పటికీ చాలా టెర్మినళ్లు తెరవగానే అదే సైజులో కనిపిస్తాయి. ఆ 80 అనే లెక్క ఇంకా పాతది. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలుండేవి. అక్కడి నుంచే వచ్చింది.

బొమ్మలు చూపించే తెరలు రాకముందు కంప్యూటర్లు గ్రాఫ్‌లను ఇలాగే నక్షత్రం గుర్తులతో కాగితం మీద అచ్చు వేసేవి. అంటే ఇది కొత్త విద్య కాదు.. పాతదే, ఇప్పటికీ పనికొస్తోంది.

గీయడం ఎలా?

కిటుకు చాలా చిన్నది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక గుర్తును 12తో గుణిస్తే, అదే గుర్తు వరసగా 12 సార్లు వస్తుంది. అంతే! అంకెకు తగ్గట్టు గుర్తులు పేర్చుకుంటూ పోతే బార్ తయారవుతుంది.

పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర, క్వింటాల్‌కు రూపాయల్లో, 2020-21 సీజన్ నుంచి 2025-26 దాకా ఇలా ఉంది. ఒక్కో గడి 500 రూపాయలు.

2020-21 | ████████████ 5825
2021-22 | ████████████ 6025
2022-23 | █████████████ 6380
2023-24 | ██████████████ 7020
2024-25 | ███████████████ 7521
2025-26 | ████████████████ 8110

చూశారుగా.. ధర మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఐదేళ్లలో 5825 నుంచి 8110కి, అంటే 2285 రూపాయలు. శాతంలో చూస్తే సుమారు 39.

ఇక్కడ ఒకటి గమనించారా? మొదటి రెండు బార్లు ఒకే పొడవున్నాయి. కానీ ధరలో 200 తేడా ఉంది. గడి విలువ 500 కాబట్టి ఆ తేడా గడిలోనే కలిసిపోయింది. అందుకే బార్ పక్కన అసలు అంకె రాయడం తప్పనిసరి.

బార్ తెర దాటిపోకుండా ఉండాలంటే ఓ చిన్న లెక్క ఉంది. అన్నిటికంటే పెద్ద అంకెకు 60 గళ్లు ఇచ్చామనుకోండి. మిగతా ప్రతి అంకెనూ ఆ పెద్ద అంకెతో భాగించి, 60తో గుణించాలి. 8110కి 60 గళ్లు అయితే 5825కి 43 వస్తాయి. మిగిలిన 20 గళ్లు సంవత్సరం, ధర రాసుకోవడానికి.

అదే లెక్క.. వేరే కథ!

ఇప్పుడు అవే ధరలను ఇంకోలా గీద్దాం. ఈసారి బార్ సున్నా దగ్గర మొదలవదు. 5500 దగ్గర మొదలవుతుంది. ఒక్కో గడి 100 రూపాయలు.

2020-21 | ███ 5825
2021-22 | █████ 6025
2022-23 | █████████ 6380
2023-24 | ███████████████ 7020
2024-25 | ████████████████████ 7521
2025-26 | ██████████████████████████ 8110

అంకె ఒక్కటి కూడా మారలేదు. అయినా చివరి బార్ మొదటి దానికంటే ఎనిమిది రెట్లకు పైగా పొడవు కనిపిస్తోంది! పెరిగింది 39 శాతమే. పక్కన అంకెలు తీసేసి, రంగులద్ది, ఓ హెడ్డింగ్ పెట్టి గ్రూపులో వదిలితే ఎవరైనా నమ్మేస్తారు. ఇందులో అబద్ధపు అంకె లేదు. బార్ ఎక్కడ మొదలైందన్నది దాచిపెట్టారు, అంతే.

టెర్మినల్‌లో మనమే గీసుకుంటే ఈ మాయ కుదరదు. ఎక్కడ మొదలుపెట్టాలి, గడి ఎంత అన్నది మన చేత్తో మనమే టైప్ చేస్తాం కదా. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఈ నిర్ణయం చాలాసార్లు దానంతట అదే జరిగిపోతుంది. మనం గమనించం కూడా.

ఏ ఏడు ఎంత పెరిగింది?

రైతుకు అసలు అక్కర ఉన్న ప్రశ్న ఇంకొకటి. ధర మొత్తం ఎంతుందన్నది సరే.. కిందటేడు మీద ఎంత పెంచారు? ఒక్కో గడి 50 రూపాయలు.

2021-22 | ████ 200
2022-23 | ███████ 355
2023-24 | █████████████ 640
2024-25 | ██████████ 501
2025-26 | ████████████ 589

మొదటి గ్రాఫ్‌లో కనపడని సంగతి ఇక్కడ తేటతెల్లమైంది. ఈ ఐదింట్లో పెద్ద పెంపు 2023-24లో వచ్చింది. ఆ మరుసటి ఏడు పెంపు తగ్గింది. ధర తగ్గలేదు, పెంపు మాత్రమే తగ్గింది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే చర్చ దారి తప్పుతుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. విత్తనాలు, ఎరువులు, కూలీల ఖర్చు ఎంత పెరిగిందో ఈ గ్రాఫ్ చెప్పదు. ఏనుమాముల మార్కెట్‌లో ఆ రోజు పలికిన ధర కూడా ఇందులో లేదు. ఇది మద్దతు ధర ఒక్కటే. కావాలంటే మీ పెట్టుబడి లెక్క పక్కనే ఇంకో వరుస గీసుకోండి.. ఐదు నిమిషాల పని.

వాన లెక్కతో ఇంకో చిక్కు

2023 జూలై 27 గుర్తుందా? ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు రికార్డు వాజేడులో 2013 జూలై 19న నమోదైన 517.5. వాతావరణ శాఖ లెక్కలో 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఒక్కో గడి 50 మిల్లీమీటర్లుగా గీస్తే..

64.5 | █ భారీ వర్షం
115.6 | ██ అతి భారీ
204.5 | ████ అత్యంత భారీ
517.5 | ██████████ వాజేడు
649.8 | █████████████ లక్ష్మీదేవిపేట

ఆ రోజు ఏం జరిగిందో చెప్పడానికి ఈ ఐదు వరుసలు చాలు. కానీ ఇదే కొలతతో నెల మొత్తం గీస్తే? 20 మిల్లీమీటర్లు కురిసిన రోజుకు ఒక్క గడి కూడా రాదు. వాన పడ్డ రోజు వాన లేనట్టే కనిపిస్తుంది! ఒక్క పెద్ద అంకె మిగతా అన్నిటినీ మింగేస్తుందన్నమాట. ఇలాంటప్పుడు ఆ ఒక్క రోజును విడిగా చూపించి, మిగతా రోజులకు వేరే కొలత పెట్టాలి. లేదా ఒక్కో మెట్టు పది రెట్లు ఉండే లాగ్ కొలత వాడాలి. ఏది వాడినా ఆ సంగతి కింద రాయాలి.

చిన్న గడిలో ఎక్కువ వివరం

గడిని ముక్కలు చేసే వీలు కూడా ఉంది. ప్రపంచ భాషలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో నిండు గడితో పాటు సగం గడి, ఎనిమిదో వంతు గడి లాంటి గుర్తులున్నాయి. వాటితో పత్తి ధరల తీరును ఒక్క చిన్న గీతలో ఇలా చూపొచ్చు: ▁▂▃▅▆█. దీన్ని స్పార్క్‌లైన్ అంటారు. అయితే జాగ్రత్త.. ఇది సున్నా నుంచి కాదు, అన్నిటికంటే తక్కువ ధర నుంచి మొదలవుతుంది. తీరు చూడటానికి బాగుంటుంది, ఎంత పెరిగిందో కొలవడానికి పనికిరాదు.

ఇంకా సన్నగా కావాలంటే అంధుల బ్రెయిలీ లిపి గుర్తులు వాడతారు. ఒక్కో గడిలో అడ్డంగా 2, నిలువుగా 4, మొత్తం 8 చుక్కలు. అంటే 80 గళ్లు, 24 వరుసల తెర మీద 160కి 96 చుక్కలు దొరుకుతాయి. ఓ మోస్తరు వంపు గీతలు కూడా గీసేయొచ్చు.

తెలుగు పేర్లు పెడితే ఎందుకు చెదురుతుంది?

ఇది మన వాళ్లకే వచ్చే తలనొప్పి. బార్ ముందు పత్తి, మిర్చి, వరంగల్ అని తెలుగులో రాస్తే బార్లు ముందుకూ వెనక్కూ జరిగిపోతాయి. కారణం ఏంటంటే.. మన కంటికి పత్తి అంటే రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం ప, త, పొల్లు, త, గుడి అని ఐదు. మిర్చి అయితే ఆరు. గడికో అక్షరం అనే లెక్క ఒత్తులు, గుణింతాల దగ్గర తప్పుతుంది.

దీనికి తేలికైన మందు ఉంది. ఎడమ పక్కన ఏడాది, తేదీ లాంటి అంకెలే పెట్టండి. తెలుగు పేరును వరుస చివర, బార్ తర్వాత రాయండి. పైన వాన గ్రాఫ్‌లో చేసింది అదే.

రెడీమేడ్ టూల్స్ లేవా?

ఉన్నాయి. 1986 నుంచి ఉన్న గ్నూప్లాట్‌లో టెర్మినల్‌ను డంబ్ అని సెట్ చేస్తే అక్షరాలతోనే గ్రాఫ్ వస్తుంది. సొంతంగా పెద్దగా పనేమీ చేయలేని పాత తెరలకు డంబ్ టెర్మినల్ అని పేరు. పైథాన్‌కు ప్లాటెక్స్ట్, టెర్మ్‌గ్రాఫ్, జూలియా భాషకు యూనికోడ్‌ప్లాట్స్, రూబీకి యూప్లాట్ ఉన్నాయి. ఇవన్నీ ఉచితమే.

ఎన్‌ఐటీ లాంటి కాలేజీల్లో చదివే పిల్లలకు, ఐటీ ఉద్యోగులకు ఇది రోజువారీ అవసరం. ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి నెట్ ద్వారా వెళ్లి పనిచేసేటప్పుడు అక్కడ బొమ్మ చూపించే తెర ఉండదు. ఫైల్ దించుకుని చూసేలోపు టైమ్ పోతుంది. అక్షరాల గ్రాఫ్ అయితే తెర నిండా ఉన్నా 1920 గుర్తులే. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు వేసుకున్నా ఆరు కేబీ లోపే. నెట్ నత్తనడక నడిచినా వచ్చేస్తుంది.

ఈ నాలుగూ గుర్తుంచుకోండి

* బార్ సున్నా దగ్గర మొదలుపెట్టండి. అలా కాకపోతే ఆ మాట కింద రాయండి.
* ఒక్కో గడి విలువ ఎంతో పైన రాయండి.
* బార్ పక్కన అసలు అంకె తప్పకుండా ఉంచండి.
* వాట్సాప్‌లో పంపేటప్పుడు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టండి. అక్షరాలన్నీ ఒకే వెడల్పులోకి వస్తాయి. ఫోన్ తెర చిన్నది కాబట్టి బార్లు పొట్టిగా ఉంచండి.

ఇకపై గ్రూపులో ఏదైనా గ్రాఫ్ వస్తే ముందు అందులో అంకెలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే నల్ల తెర తెరిచి సున్నా నుంచి మీరే ఓసారి గీయండి. అంకెలే లేకపోతే.. ఫార్వర్డ్ చేయకుండా పంపినవాళ్లనే అడగండి.